కట్ కాని కాల్

మిట్టమధ్యాహ్నం. మేడమీది చిన్న గదికి లోపల గడియ పడి ఉంది. తలుపుకి ఇవతల కోడలు, అవతల అత్తగారు.

“...తలనొప్పి అని చెప్పానుగా. వెళ్ళి నీ పని చూసుకో.”

“తలనొప్పయితే గడియెందుకు అత్తయ్యా?”

“వెలుతురు పడటం లేదు.”

“వెలుతురు పడకపోతే తలుపేసుకుంటారు. గడియెందుకు పెడతారు?”

“గాలికి పడిందేమో.”

“గడియ గాలికి పడిందా? లోపలివైపు?”

“అబ్బ, ఏం ప్రశ్నలే నీవి! అయినా ఇంత త్వరగా వచ్చావేంటి? డ్రైవింగ్ క్లాసులు లేవా?”

“నా దగ్గర నేర్చుకునే ఒకావిడ స్టీరింగ్ పట్టుకోగానే కళ్ళు తిరుగుతున్నాయని దిగిపోయింది. ఇంకో క్లాసుకి టైముంది కదా, ఇంత తిని పోదామని వచ్చా. వచ్చి చూస్తే వంటింట్లో మీ పళ్ళెం పొద్దున నేను పెట్టినట్టే ఉంది. మూత కూడా తీయలేదు.”

“ఆకలి లేదు.”

“మాత్రలు?”

“వేసుకున్నా.”

“పరగడుపునా? ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే తోలు తీస్తానని ఆస్పత్రి ఆస్పత్రినంతా వణికించిన మేట్రన్‌గారు, పరగడుపున వేసుకున్నారా?”

“నువ్వు వెళ్ళు తల్లీ. నీకు పుణ్యముంటుంది.”

“ఏమన్నారిప్పుడు?”

“వెళ్ళమన్నా.”

“కాదు. తల్లీ అన్నారు.”

“అంటే తప్పా?”

“తప్పు కాదు. ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజు నుంచి నన్ను అమ్మాయ్ అన్నారు, ఏమే అన్నారు, కోపమొస్తే డ్రైవరమ్మా అన్నారు. తల్లీ అని ఒక్కనాడూ అన్లేదు. నాకు భయమేస్తోంది అత్తయ్యా. నిజం చెప్పండి, ఏమైనా మింగారా?”

“ఛీ ఛీ! ఏం మాటలవి?”

“అయితే తలుపు తీయండి. ఒక్కసారి మీ మొహం చూసి వెళ్ళిపోతా.”

“తీయలేను.”

“ఎందుకు తీయలేరు?”

“తీయలేనంటే తీయలేను! మెల్లగా మాట్లాడు. వినిపిస్తుంది.”

“ఎవరికి వినిపిస్తుంది? ఇంట్లో మనిద్దరమేగా ఉన్నది?”

“మేడమ్, లైన్లోనే ఉన్నారా?”

“అమ్మో! అత్తయ్యా, లోపల మగ గొంతు! ఎవరది?”

“ఉన్నాను సార్. ఇక్కడే ఉన్నాను సార్.”

“మేడమ్, ఎవరితో మాట్లాడుతున్నారు?”

“ఎవరూ లేరు సార్. దగ్గొచ్చింది సార్.”

“కెమెరా చేత్తో పట్టుకుని గదంతా చూపించండి.”

“చూపిస్తాను సార్. ఇదిగో మంచం సార్. ఇదిగో బీరువా. ఇదిగో, కిటికీ కూడా మూసేశాను సార్, మీరు చెప్పినట్టే.”

“తలుపు?”

“గడియ పెట్టే ఉంది సార్.”

“చార్జరు?”

“పెట్టే ఉంచాను సార్.”

“మంచిది. మీరు విచారణలో ఉన్నారు మేడమ్, మరిచిపోకండి. పై అధికారితో మాట్లాడి వస్తాను. ఫోన్ యథాస్థానంలో పెట్టి కుర్చీలో కూర్చోండి. కాల్ కట్ అయిందో, మావాళ్ళు నేరుగా మీ గుమ్మంలోకి వస్తారు. అర్థమైందా?”

“అయింది సార్.”

“అత్తయ్యా.”

“నువ్వింకా పోలేదా!”

“పోలేదు. చెవి తలుపుకి ఆనించి అంతా విన్నాను. ఎవడు వాడు?”

“ష్! వాడు అనకు. పెద్ద పోలీసాఫీసరు. ఇప్పుడు కుర్చీలో లేడు కానీ కెమెరా ఆన్‌లోనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నా. నీకు దండం పెడతాను, వెళ్ళిపో.”

“ఎప్పట్నుంచి కూర్చోబెట్టాడు?”

“నువ్వు కారు తీసుకుని వెళ్ళావా, వెళ్ళిన కాసేపటికే.”

“పొద్దున్నుంచా! మంచినీళ్ళయినా తాగారా?”

“లేవద్దన్నారు.”

“బాత్రూముకి?”

“ఫోన్ పట్టుకునే వెళ్ళమన్నారు. నేను వెళ్ళలేదు. ఆ సంగతి అడక్కు.”

“వాడి నోరు పడిపోను! ఏమంటున్నాడసలు? మీరేం చేశారని?”

“నా పేరు మీద ఒక పార్సెల్ దొరికిందట. దాన్నిండా మత్తు ఇంజెక్షన్లట. నా నర్సు రిజిస్ట్రేషను వాడి తెప్పించారట.”

“మీరు నమ్మారా?”

“నమ్మకేం చేయను? నా పుట్టిన తేదీ చెప్పారు. ఏ వార్డులో చేశానో చెప్పారు. ఆ మందుల బీరువా తాళంచెవి జీవితమంతా నా నడుముకే వేలాడిందమ్మాయ్. ఒక్క సీసా తేడా రానివ్వలేదు. అలాంటి మనిషి మీద ఈ మాట! రేపు పేపర్లో పడితే ఏ మొహం పెట్టుకుని వీధిలోకి వస్తాను?”

“అందుకని ఇంట్లో వాళ్ళకి చెప్పకూడదా?”

“చెబితే చెప్పిన వాళ్ళనీ కేసులో పెడతారట. నువ్విప్పుడు విన్నావు కదా, నీకూ చుట్టుకుంటుంది. అందుకే వెళ్ళమంటున్నా. మెదడు లేదా నీకు?”

“హమ్మయ్య.”

“హమ్మయ్యేంటే?”

“తిట్టారు. ఇప్పుడు మా అత్తయ్య గొంతు వినిపించింది. సరే, నేను చెప్పేది వినండి. ఆ కాల్ కట్ చేసేయండి.”

“చేయను.”

“ఎర్ర బొత్తం నొక్కితే చాలు.”

“చేయనన్నానా! పాత బొత్తాల ఫోనే నయం. డాబా మూల నిలబడితే తప్ప సిగ్నల్ ఉండేది కాదు, రెండు మాటలకే గుటుక్కుమనేది. అలాగైనా నా పాలిట ఈ పీడ తెగిపోయేది. మీ మొగుడూ పెళ్ళాం కలిసి, వీధిలోకి కొత్త నెట్‌వర్క్ వచ్చింది, ఇక బొమ్మ ఆగదు, మాట తెగదు అని ఈ పలక తెచ్చి నా చేతిలో పెట్టారు. నిజమే, తెగటం లేదు. పొద్దున్నుంచీ ఒక్క క్షణం తెగితే ఒట్టు. ఆయన కనురెప్ప వేస్తే కూడా కనిపిస్తోంది.”

“నేనే తెచ్చాను. నాదే తప్పు, ఒప్పుకుంటా. ఇప్పుడు నేనే కట్ చేయమంటున్నాగా?”

“కట్ చేస్తే వాణ్ణి చంపేస్తారే!”

“ఎవర్ని?”

“నా కొడుకుని. నీ మొగుణ్ణి.”

“ఏంటీ?”

“పొద్దున ఫ్యాక్టరీకి వెళ్ళే దారిలోనే పట్టుకున్నారట. ఆ ఇంజెక్షన్లు వాడి బ్యాగులో కూడా దొరికాయట. ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉన్నాడు.”

“అబద్ధం.”

“వాడి గొంతు వినిపించారమ్మాయ్. ఏడుస్తున్నాడు. కొట్టినట్టున్నారు. నేను ఈ చెవులతో విన్నాను. నా కడుపున పుట్టినవాడి గొంతు నాకు తెలీదా? ఇప్పుడు చెప్పు. కట్ చేయమంటావా?”

“ఉండండి. ఫోన్ చేస్తాను.”

“వాడి ఫోన్ పలకదు. నాకు తెలీదా? షిఫ్టులో ఉంటే గేటు దగ్గరే పెట్టేస్తారుగా.”

“గేటుకే చేస్తాను. ఉండండి. మీరు కుర్చీలోంచి లేవకండి... ఎత్తండి, ఎత్తండి బాబూ... హలో, గేటా? అన్నా, వెల్డింగ్ సెక్షన్లో పొడుగ్గా, గడ్డంతో ఉంటాడు చూడండి, మీరంతా లంబూ అని పిలుస్తారే, వాళ్ళావిణ్ణి. పొద్దున లోపలికి వచ్చాడా?... పుస్తకంలో సంతకం ఉంటే సరిపోదన్నా, మనిషిని చూసి చెప్పాలి... కాదన్నా, ప్రాణం మీదికొచ్చింది, పరిగెత్తండి... ఉంటాను, లైన్లోనే ఉంటాను...”

“అమ్మాయ్, ఆయన వచ్చేస్తారేమో.”

“రానివ్వండి. మీరు కదలకండి.”

“వాళ్ళేమంటున్నారే?”

“వెతకడానికి వెళ్ళారు... హలో? ఆ, చెప్పండన్నా... చూశారా? మీ కళ్ళతో చూశారా?... ఏం చేస్తున్నాడు?... టోపీ తలకిందులుగా పెట్టుకుని పాట పాడుతున్నాడా? అయితే ఆయనే! మీ కడుపు చల్లగుండ అన్నా. ఒక్క మాట చెప్పండి, వెంటనే ఇంటికి రమ్మనండి... విన్నారా అత్తయ్యా? పాటలు పాడుతున్నాడట మీ కొడుకు.”

“గేటువాణ్ణి కూడా వాళ్ళు బెదిరించి ఉంటారు.”

“అత్తయ్యా!”

“మరి నేను విన్న గొంతు ఎవరిదే? వాడిదే! ‘అమ్మా, కాపాడమ్మా’ అని ఏడ్చాడే!”

“ఏమని ఏడ్చాడు?”

“అమ్మా, కాపాడమ్మా అని.”

“మీ అబ్బాయి మిమ్మల్ని అమ్మా అంటాడా? మా పెళ్ళిలో, మీ కాళ్ళకి దండం పెట్టేటప్పుడు కూడా, దీవించండి మేట్రన్ అన్నాడు. మొన్న వేలు కాలితే ఏమన్నాడు? మేట్రన్, మందు రాయి అన్నాడు. ఆ మనిషి ఇవాళ కొత్తగా అమ్మా అన్నాడా?”

“...చిన్నప్పుడు కూడా అనలేదు. వార్డులో అందరూ పిలిచినట్టే పిలిచేవాడు వెధవ.”

“మరి?”

“మరి ఆ గొంతు?”

“ఆయన ఫోన్లో పాటలు పాడి అందరికీ పంపిస్తుంటాడుగా. అందులోంచి తీసి గొంతు తయారు చేస్తారట ఇప్పుడు. గొంతు చేయగలిగారు, పిలుపు చేయలేకపోయారు. తలుపు తీయండి.”

“కాళ్ళు రావటం లేదమ్మాయ్.”

“వస్తాయి. వినండి. రోజూ మనుషులకి ఇదే చెబుతాను నేను. బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనకాల లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. అప్పుడు హారన్ వినకూడదు. ముందు ఊపిరి పీల్చాలి. పీల్చారా?”

“ఊఁ.”

“ఇప్పుడు ఒక్క పనే చేయాలి. ఒక్కటే. కుర్చీ చేతులు పట్టుకుని లేవండి.”

“ఆయన వచ్చాడు! కుర్చీలో కూర్చుంటున్నాడు!”

“హారన్ అత్తయ్యా. అది హారన్. లేవండి.”

“మేడమ్, ఎక్కడికి వెళ్తున్నారు? కూర్చోండి. మేడమ్! చట్టప్రకారం మీరు కదలకూడదు!”

“రెండడుగులే. చెయ్యి చాపితే గడియ.”

“మేడమ్, మీ కొడుకు ప్రాణం మీ చేతుల్లో ఉంది!”

“తీశానే! తీశాను!”

తలుపు తెరుచుకుంది.

“అయ్యో, ఏంటిది, ఇలా వణికిపోతున్నారు! నన్ను పట్టుకోండి. పట్టుకోండి గట్టిగా. ఏం కాలేదు. ఏం కాలేదు.”

“చీర తడిసిపోయిందే. చూడకు.”

“నేనేం చూడలేదు. మంచం మీద కూర్చోండి. ఇదిగో, చెంబులో నీళ్ళున్నాయి, తాగండి.”

“మేడమ్, గదిలోకి వచ్చిన వ్యక్తి ఎవరు? తక్షణం బయటికి పంపండి. లేకపోతే ఇద్దరి మీదా కేసు...”

“ఏయ్! ఆ వ్యక్తిని నేనే. ఈవిడ కోడల్ని. అరెస్టు చేస్తావా? రా. చిరునామా నీ దగ్గరుందిగా? వచ్చేటప్పుడు ఆ టోపీ సరిచేసుకుని రా, చెవుల మీదికి జారుతోంది. ఎవడి టోపీరా అది? పెద్దావిణ్ణి పట్టుకుని పొద్దున్నుంచీ బాత్రూముకి కూడా పోనివ్వవా? నీకు తల్లి లేదూ?”

“మేడమ్, మర్యాదగా మాట్లాడండి.”

“మర్యాద నీకా? ఉండు, నీ మొహం నా ఫోన్లో రికార్డు చేస్తా. అత్తయ్యా, వీడు మిమ్మల్ని బ్యాంకుకి కూడా పంపుదామనుకున్నాడా?”

“ఇంకాసేపట్లో పంపిస్తానన్నాడు. ఫోన్ చేతిలోనే పెట్టుకుని వెళ్ళాలన్నాడు.”

“అదీ సంగతి! ఇటివ్వండి, కట్ చేస్తాను.”

“ఆగు.”

“ఇంకా భయమేంటి? దొంగని తెలిసిపోయిందిగా.”

“భయం కాదు. కొంచెం ఇలా తిప్పు. నా కళ్ళజోడేదీ?... పొద్దున్నుంచీ ఆ టోపీని చూసి వణికానే కానీ, టోపీ కింద మొహం చూడలేదు. ఏమయ్యా, నీ కనుబొమ మీద ఆ గాటేంటి?”

“మేడమ్, అనవసర ప్రశ్నలు వద్దు.”

“కుట్లు ఎవరు వేశారు? ఆస్పత్రిలో వేసినవి కావవి. గోనెసంచి కుట్టినట్టు కుట్టారు. దారం తీయలేదు. చుట్టూ వాచిపోయింది. దగ్గరికి రా.”

“అత్తయ్యా, ఇప్పుడు వీడికి వైద్యం చేస్తారా?”

“నువ్వుండు. కెమెరాకి దగ్గరగా రావయ్యా. జ్వరముందా?”

“మేడమ్, మీరు విచారణలో ఉన్నారు.”

“అడిగేది నిన్నే. చలి వేస్తోందా రాత్రిళ్ళు?”

“...వేస్తోంది.”

“అత్తయ్యా, ఇది ఇంకో నాటకం. పోలీసు నాటకం అయిపోయింది, ఇప్పుడు జాలి నాటకం. కట్ చేస్తున్నా.”

“కట్ చేయొద్దు! అక్కా, కట్ చేయొద్దు! నీకు పుణ్యముంటుంది. కట్ చేస్తే నన్ను కిందికి తీసుకెళ్తారు.”

“కిందికంటే?”

“కింద గది ఉంది. కాల్ పోగొట్టినవాళ్ళని అక్కడికి తీసుకెళ్తారు. మొన్న ఒకావిడ కట్ చేసింది. ఆ రోజే ఈ దెబ్బ.”

“చూశారా, కథ ఎంత బాగా అల్లుతున్నాడో!”

“నాటకానికి చీము పట్టదు అమ్మాయ్. ఫోన్ నాకు దగ్గరగా పెట్టు. ఒరేయ్ బాబూ, అక్కడెవరున్నారు నీతో?”

“నాలాంటివాళ్ళే అమ్మా. వరసగా కుర్చీలు. అందరికీ టోపీలు. కంప్యూటర్ ఉద్యోగమని ఫోన్లో ప్రకటన చూసి వచ్చాను. విమానం దిగాక పాస్‌పోర్టు లాక్కున్నారు. మళ్ళీ గేటు దాటలేదు.”

“మరి పొద్దున్నుంచీ నన్నలా ఎలా చంపావురా?”

“చంపకపోతే నన్ను చంపుతారమ్మా. ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. దెబ్బ గురించి ఎవరూ అడగలేదు.”

“ఇప్పుడు మాట్లాడుతున్నావుగా, వాళ్ళు వినటం లేదా?”

“వెనకాల కర్ర పట్టుకుని తిరిగేవాడికి మన భాష రాదక్కా. మాట వినడు, తెరమీద మొహాలు చూస్తాడు. అవతలివాళ్ళు ఏడుస్తుంటే పని జరుగుతున్నట్టు. ఏడవకపోతే... అమ్మో, ఇటే వస్తున్నాడు. నేనిప్పుడు అరుస్తాను. ఏమీ అనుకోవద్దు. మీరు భయపడుతున్నట్టు ఉండండి. దండం పెడతాను, భయపడండి!”

“అత్తయ్యా, ఏం చేద్దాం?”

“మేడమ్! ఏమనుకుంటున్నారు మేడమ్! మా అమ్మ బడి ఎదురుగా బట్టలు కుడుతుంది మేడమ్! నేను పనిలో ఉన్నాననే ఆవిడకి తెలుసు మేడమ్! ఆవిడ నంబరు చెబుతాను, తప్పు లేకుండా రాసుకోండి మేడమ్!”

“అత్తయ్యా, వాడి భుజం వెనకాల ఎవరో ఆగారు. చేతిలో కర్ర.”

“నాకూ కనిపిస్తోంది. నీ ఫోన్లో రికార్డు అవుతోందా?”

“అవుతోంది.”

“ఆపకు. చున్నీ నోట్లో కుక్కుకుని నా పక్కన కూలబడు. ఏడువు.”

“నాకు నిజంగానే ఏడుపొస్తోంది అత్తయ్యా.”

“మంచిది, ఆపుకోకు... సార్! సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను సార్! ముసలిదాన్ని సార్, దిక్కులేనిదాన్ని సార్! ఇదిగో, ఏడుస్తున్నాను చూడండి సార్! భయపడకు నాన్నా, అలాగే గట్టిగా అరుస్తూ చెప్పు, నువ్వెక్కడున్నావో తెలియాలి, నీ పక్కనున్న ఆ కిటికీలోంచి నీకేం కనిపిస్తోంది?”